ఇంటర్ అయిన పిల్లలకు లాప్‌టాప్ కానుక: సీటు వచ్చాక కొనండి, పిల్లల్ని పక్కన పెట్టుకుని కొనండి

మా పెద్దమ్మాయి ఇంటర్ ఫలితాలు వచ్చిన సాయంత్రమే మావారు దాన్ని స్కూటర్ ఎక్కించుకుని వెళ్ళి లాప్‌టాప్ కొనిపెట్టారు. స్వీట్ల డబ్బా, లాప్‌టాప్ డబ్బా ఒకేసారి ఇంట్లోకి వచ్చాయి. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి చూశారు. ఆ రోజు మా ఇంట్లో సంతోషం ఇప్పటికీ గుర్తుంది. దానికి సివిల్ ఇంజనీరింగ్‌లో సీటు వచ్చింది మాత్రం ఆ తర్వాత మూడు నెలలకు. రెండో సంవత్సరంలో రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో బిల్డింగ్ మోడల్ చేయమన్నప్పుడు ఆ లాప్‌టాప్ మొరాయించడం మొదలుపెట్టింది. ర్యామ్ (నడుస్తున్న పనులను పట్టి ఉంచే మెమొరీ) పెంచిద్దామని తీసుకెళ్తే, "ఇందులో 8 జీబీ బోర్డుకే అతికించి ఉంది మేడమ్, పెంచడానికి వీల్లేదు" అన్నారు. మళ్ళీ అప్పు చేసి ఇంకోటి కొన్నాం.

నిరుడు మా అబ్బాయి వంతు వచ్చింది. ఈసారి తొందరపడలేదు. మా తమ్ముడు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. ఏటా వందలమంది పిల్లల లాప్‌టాప్‌లు వాడి కళ్ళముందు తిరుగుతుంటాయి. వాడు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పినవి, కొనేటప్పుడు మేము తెలుసుకున్నవి వరుసగా రాస్తున్నాను. విజయవాడ, గుంటూరు వాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసినా, ఎక్కడివాళ్ళకైనా పనికొస్తుంది.

మొదటి అడుగు: కొనాల్సిన రోజు

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వస్తాయి. మేలో ఈఏపీసెట్. వెబ్ ఆప్షన్లు పెట్టుకుని, సీటు కేటాయింపు జరిగి, క్లాసులు మొదలయ్యేసరికి జులై, ఆగస్టు అవుతుంది. ఈ మూడు నాలుగు నెలలూ కొనకుండా ఆగమని నా మాట. దీనికి నాలుగు కారణాలున్నాయి.

కోర్సు తెలియకుండా ఏ లాప్‌టాప్ కావాలో చెప్పలేం. ఇది అన్నింటికన్నా పెద్ద కారణం. రెండోది వారంటీ. బిల్లు కొట్టిన రోజు నుంచి అది నడుస్తుంది. ఏప్రిల్‌లో కొని ఆగస్టు దాకా సినిమాలు చూసుకుంటే ఒక్క ఏడాది వారంటీలో మూడో వంతు ఇంట్లోనే కరిగిపోతుంది. మూడోది, జూన్, జులైల్లో చాలా కంపెనీలు చదువుకునే పిల్లల కోసం ప్రత్యేకంగా ఆఫర్లు పెడతాయి. వాటిలో కొన్నింటికి కాలేజీ ఐడీ గానీ అడ్మిషన్ కాగితం గానీ చూపించాలి. ఇక నాలుగోది, కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు మొదటి సంవత్సరం పిల్లలకు లాప్‌టాప్ ఎలా ఉండాలో తామే చెప్తాయి. ఆ కాగితం చూడకుండా కొంటే మనమే ఇబ్బంది పడతాం.

ఫలితాల రోజు వట్టి చేతులతో ఎలా అని మావారు బాధపడ్డారు. అబ్బాయి పేరు రాసిన కవరులో 5 వేలు పెట్టి, "మిగతాది నీ సీటు వచ్చిన రోజు" అని రాసిచ్చాం. వాడు ఆ కవరు బీరువాలో దాచుకుని, ఆ మూడు నెలలూ తనే మోడళ్ళు చదివి, ధరలు రాసుకున్నాడు. పిల్లలకు ఆశ్చర్యం కలిగించాలని చెప్పకుండా కొనడం నాకిప్పుడు ఇష్టంలేదు. నాలుగేళ్ళు రోజూ వేళ్ళు ఆడించేది వాళ్ళు. మనం చీర తెచ్చినా కట్టుకునేవాళ్ళకి చూపించే కదా తీసుకుంటాం!

రెండో అడుగు: కోర్సు ఏమిటి, అందులో ఏం వాడతారు

ఇక్కడ ఎంత సమయం పెడితే అంత మంచిది. కాలేజీలో సీటు రాగానే అదే బ్రాంచిలో రెండో సంవత్సరం, మూడో సంవత్సరం చదువుతున్న ఒక్కరిని పట్టుకోండి. వడ్డేశ్వరం అయినా వడ్లమూడి అయినా, కానూరు అయినా నంబూరు అయినా, మన వీధిలో వెతికితే ఆ కాలేజీకి వెళ్ళే పిల్లలు ఎవరో ఒకరు దొరుకుతారు. "ఏ లాప్‌టాప్ మంచిది" అని అడగొద్దు. అలా అడిగితే తమ దగ్గర ఉన్నదాని పేరే చెప్తారు. "మీ ల్యాబుల్లో ఏయే సాఫ్ట్‌వేర్లు వాడారు, ఇంటి దగ్గర వేటిని నడపాల్సి వచ్చింది, ఏది ఆగిపోయింది" అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం పని అయినట్టే.

కంప్యూటర్ సైన్స్ అంటే ఖరీదైన గేమింగ్ లాప్‌టాప్ ఉండాల్సిందే అని చాలామంది అనుకుంటారు. సి, పైథాన్, జావా నేర్చుకోవడానికి మామూలు లాప్‌టాప్ చాలు. బరువు పడేది ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో, ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే డాకర్ లాంటివి వాడేటప్పుడు. అవి 8 జీబీ ర్యామ్‌లో నత్తనడక నడుస్తాయి, 16 జీబీ ఉంటే హాయిగా సాగుతాయి. అంటే వీళ్ళు గ్రాఫిక్స్ కార్డు (బొమ్మలు, 3డీ పనులు చూసుకునే విడి భాగం) మీద పెట్టే డబ్బు ర్యామ్ మీద, ప్రాసెసర్ (లాప్‌టాప్‌కి మెదడు) మీద పెట్టుకోవాలి.

ఏఐ, డేటా సైన్స్ బ్రాంచిల సంగతి కొంచెం వేరు. ఇంట్లోనే ఏఐ మోడళ్ళకు డేటాతో శిక్షణ ఇచ్చి చూడాలంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు పనికొస్తుంది. ఎందుకంటే ఆ రంగంలో వాడే సీయూడీఏ (CUDA) అనే సాఫ్ట్‌వేర్ పొర ఎన్‌విడియా కార్డుల మీదే నడుస్తుంది. ఐతే మొదటి రెండేళ్ళలో చేసే పనికి బ్రౌజర్‌లోనే కోడ్ నడుపుకునే గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా ఇచ్చే గ్రాఫిక్స్ శక్తి సరిపోతుంది. వాడకానికి పరిమితులుంటాయి గానీ నేర్చుకునే దశలో అవి అడ్డు కావు. డబ్బుకు ఇబ్బందైతే కార్డు లేకుండానే కొనండి, పిల్లల చదువు ఆగదు.

సివిల్, మెకానికల్, ఆర్కిటెక్చర్ పిల్లలకు మాత్రం గ్రాఫిక్స్ కార్డు నిజంగా అవసరం. ఆటోక్యాడ్‌లో రెండు కొలతల గీతలు ఏ లాప్‌టాప్‌లోనైనా వస్తాయి. మూడు కొలతల్లో పనిచేసే రెవిట్, సాలిడ్‌వర్క్స్, ఆన్సిస్ దగ్గరకొచ్చేసరికి తేడా తెలుస్తుంది. రెవిట్ కొత్త వెర్షన్లకు కనీసం 16 జీబీ ర్యామ్ ఉండాలని ఆ కంపెనీయే చెప్తోంది. ఇంకో ముఖ్యమైన సంగతి: రెవిట్, సాలిడ్‌వర్క్స్ విండోస్ మీదే నడుస్తాయి. ఈ బ్రాంచిల్లో చేరే పిల్లలకు, ఎంత ముచ్చటపడ్డా, మ్యాక్‌బుక్ కొనకండి.

ఈసీఈ, ఈఈఈ పిల్లలకు లెక్కలు, సిగ్నళ్ళ పనికి మ్యాట్‌ల్యాబ్, చిప్పుల డిజైన్‌కి వివాడో లాంటివి వస్తాయి. వివాడో ఒక్కటే పదుల జీబీల జాగా తింటుంది కాబట్టి స్టోరేజి తక్కువున్నది తీసుకోవద్దు. ఇదీ మ్యాక్ మీద నడవదు.

బీకామ్, బీబీఏ, సీఏ దారిలో వెళ్ళేవాళ్ళకు ఎక్సెల్, ట్యాలీ నడిస్తే చాలు. ట్యాలీ కూడా విండోస్ సాఫ్ట్‌వేరే. 8 జీబీతో పని జరుగుతుంది. ఈ పిల్లలకు మంచి కీబోర్డు, కుడిపక్క అంకెల మీటలు ఉన్న 15.6 అంగుళాల లాప్‌టాప్ ఎంతో సుఖం.

ఎంబీబీఎస్‌లో చేరేవాళ్ళకైతే మొదటి ఏడాది లాప్‌టాప్ కన్నా స్టైలస్‌తో రాసుకునే ట్యాబ్ ఎక్కువ ఉపయోగపడుతుందని మా అక్కయ్యగారి అమ్మాయి గట్టిగా చెప్పింది. తను రోజూ బొమ్మల మీద గీసుకుంటూ చదివేది.

మూడో అడుగు: డబ్బు లెక్క

మేము మొత్తం 65 వేలు అనుకున్నాం. అందులో 6 వేలు పక్కన తీసి పెట్టాకే షాపుకి వెళ్ళాం. ఆ 6 వేలు బ్యాగు, మౌస్, స్పైక్ గార్డు, ఒక బయటి హార్డ్‌డిస్కు, ప్రమాద బీమా లాంటి వారంటీ కోసం. ముందే తీసి పెట్టకపోతే మొత్తం లాప్‌టాప్‌కే అయిపోతుంది, తర్వాత వీటికి చేతులాడవు.

విద్యారుణం తీసుకుంటున్నవాళ్ళకి ఒక మాట. బ్యాంకులు పాటించే ఐబీఏ (భారతీయ బ్యాంకుల సంఘం) నమూనా విద్యారుణ పథకంలో కోర్సుకు అవసరమైన కంప్యూటర్ ఖర్చును కూడా కలుపుకోవచ్చు. షాపు నుంచి కొటేషన్ తెచ్చి, రుణం మంజూరు కాకముందే బ్యాంకులో అడగండి.

నో కాస్ట్ ఈఎంఐ అన్నప్పుడు రెండు ధరలు అడగండి: ఒకేసారి కడితే ఎంత, వాయిదాల్లో ఎంత. బ్యాంకు వడ్డీ వేస్తుంది, దాన్ని షాపువాళ్ళు ముందుగానే తగ్గింపుగా ఇస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మన నెత్తినే పడతాయి. ఒకేసారి కట్టేవాళ్ళకి వచ్చే తగ్గింపు కొన్నిసార్లు వాయిదాల్లో రాదు.

నాలుగో అడుగు: పెట్టె మీది రాతలు చదవడం

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. షాపులో "ఐ5 మేడమ్", "రైజెన్ 5 మేడమ్" అంటారు, మనం తలూపుతాం. ఆ మాట సగమే. దాని వెనకుండే అంకెలు, చివరి అక్షరం చదవాలి.

ఇంటెల్‌లో అంకెల చివర యూ అక్షరం ఉంటే తక్కువ కరెంటుతో నడిచే రకం. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, వేడి తక్కువ. హెచ్ ఉంటే వేగం ఎక్కువ, వేడీ ఎక్కువే. సివిల్, మెకానికల్ వాళ్ళకు హెచ్, రోజూ వీపున మోసుకెళ్ళే పిల్లలకు యూ. ఐ5-1235యూ, ఐ5-12450హెచ్ రెండూ ఐ5లే, రెండూ పన్నెండో తరానివే. చేసే పని వేరు. ఇప్పుడొచ్చే చాలా కొత్త మోడళ్ళలో ఇంటెల్ ఆ ఐ అక్షరమే తీసేసింది. కోర్ 5, కోర్ అల్ట్రా 5 అని ఉంటాయి. అవి చూసి కంగారు పడక్కర్లేదు.

ఏఎండీ రైజెన్‌లో 7000 వరుసకి ఒక చిట్కా ఉంది. నాలుగు అంకెల్లో మూడోది చూడండి. 7520యూ అన్నచోట మూడో అంకె 2. పేరు కొత్తదైనా లోపలి నిర్మాణం 2019లో వచ్చిన జెన్ 2దే. 7530యూలో ఆ అంకె 3, అది తర్వాతి తరం. 7640 లాంటివాటిలో 4, ఇంకా కొత్తది. మా అబ్బాయికి మొదట చూపించింది 7520యూ. "రైజెన్ 5, 7000 సిరీస్, లేటెస్ట్" అన్నారు. తమ్ముడు ఫోన్లో, "అక్కా, మూడో అంకె చదువు" అన్నాడు. చదివి, పక్కన పెట్టేశాం.

ర్యామ్ గురించి రెండు ప్రశ్నలు అడగాలి. ఎంత ఉంది, పెంచడానికి ఖాళీ స్లాట్ ఉందా. పెట్టె మీద ర్యామ్ రకం చెప్పే డీడీఆర్ ముందు ఎల్‌పీ అని (LPDDR) ఉంటే అది దాదాపు ఎప్పుడూ బోర్డుకు అతికించినదే, తర్వాత మార్చలేం. అలాంటిదైతే మొదటే 16 జీబీ ఉన్నది తీసుకోవాలి. ఇంజనీరింగ్ ఏ బ్రాంచి అయినా నాలుగేళ్ళకు 16 జీబీ అనే నా లెక్క. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ కోసం కడుతున్న డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎత్తుకుపోవడం వల్ల జరిగిందిది. అందుకని "ఇప్పుడు 8 తీసుకుని తర్వాత చవకగా పెంచుకుందాం" అనే పాత సలహా ఇప్పుడు పనిచేయదు. 8 జీబీదానికి తర్వాత ర్యామ్ వేయిస్తే ఎంత, మొదటే 16 జీబీది ఎంత, రెండు ధరలూ కనుక్కుని చూడండి. షాపువాళ్ళ చేత ర్యామ్ వేయిస్తే వారంటీ చెల్లుతుందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్లో అడగండి, షాపులో కాదు.

ఫైళ్ళు దాచుకునే స్టోరేజికి 512 జీబీ ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) తీసుకోండి. ఆన్ చేశాక 476 అని కనిపిస్తుంది. తక్కువిచ్చారని గొడవ పడకండి. కంపెనీ లెక్కపెట్టే పద్ధతి ఒకటి, విండోస్ లెక్కపెట్టే పద్ధతి ఇంకొకటి.

తెర. ఇది అమ్మలు, నాన్నలు పట్టించుకోని విషయం, పిల్లల కళ్ళు రోజూ పట్టించుకునే విషయం. ఎన్‌టీఎస్‌సీ, ఎస్ఆర్‌జీబీ అన్నవి తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు. వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి. కోడ్ రాసుకోవడానికి ఫర్వాలేదు, ఆర్కిటెక్చర్, డిజైన్ చదివేవాళ్ళు మాత్రం 100 శాతం ఎస్ఆర్‌జీబీ ఉన్నదే తీసుకోవాలి. వెలుగును నిట్స్‌లో చెప్తారు. 250 మామూలు, 300 దాటితే కిటికీ పక్కన కూర్చున్నా కనిపిస్తుంది. ఐపీఎస్ రకం తెర అయితే పక్కనుంచి చూసినా రంగు మారదు.

బ్యాటరీకి "10 గంటలు" అన్న మాట నమ్మొద్దు. బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే వాట్ అవర్ అంకె చూడండి. 42 ఉన్నదానికీ 60 ఉన్నదానికీ క్లాసు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సాగినప్పుడు తేడా తెలుస్తుంది. సీ రకం పోర్టుతోనే ఛార్జ్ అయ్యేదైతే, ఛార్జర్ పోయినా హాస్టల్లో పక్కవాళ్ళది అడిగి పెట్టుకోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు కావాల్సినవాళ్ళు ఆర్‌టీఎక్స్ 3050, 4050 అన్న పేరుతో పాటు దానికున్న సొంత మెమొరీ ఎన్ని జీబీలో, దానికి ఎన్ని వాట్లు ఇస్తున్నారో అడగాలి. 3050 పేరుతోనే 4 జీబీదీ ఉంది, 6 జీబీదీ ఉంది. ఒకే కార్డు తక్కువ వాట్లలో పెడితే నెమ్మదిగా నడుస్తుంది. ఇలాంటి లాప్‌టాప్‌ల బరువు రెండు కిలోలు దాటుతుంది, ఛార్జర్ ఇటుకరాయిలా ఉంటుంది. గుంటూరు నుంచి రోజూ బస్సులో నిలబడి వెళ్ళే అమ్మాయి భుజాన అది ఎలా ఉంటుందో కొనేముందు ఆలోచించండి.

ఐదో అడుగు: షాపుకి వెళ్ళి వేళ్ళతో చూడడం

విజయవాడలో ఎం.జి. రోడ్డు, ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేట, గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట, లక్ష్మీపురం. ఎక్కడికెళ్ళినా కనీసం మూడు షాపులు చూడండి. అన్ని రకాలూ ఉన్న పెద్ద షోరూము ఒకటి, ఒకే కంపెనీ సొంత షోరూము ఒకటి, ఏళ్ళ తరబడి కంప్యూటర్లు అమ్ముతున్న చిన్న షాపు ఒకటి. చిన్న షాపుల్లో ధర కొంచెం తగ్గొచ్చు, ర్యామ్ గురించీ సర్వీస్ గురించీ ఓపికగా చెప్తారు. మొదటి రోజు కొనే ఉద్దేశంతో వెళ్ళొద్దు. మేము పొద్దున పదకొండింటికి, జనం తక్కువున్న వేళ వెళ్ళాం. సాయంత్రమైతే వాళ్ళకీ చెప్పే తీరిక ఉండదు.

అబ్బాయిని కుర్చీలో కూర్చోబెట్టి పది నిమిషాలు టైపు చేయమన్నాను. మీటలు మెత్తగా పడుతున్నాయా, చీకట్లో రాయడానికి మీటల కింద వెలుగుందా. మూత ఒక్క వేలితో తెరిచి మూయమన్నాను. హింజ్ (మూత తిరిగే కీలు) వదులుగా ఉంటే ఏడాదికే ఊగుతుంది, గట్టిగా బిగుసుకుంటే పక్కనున్న ప్లాస్టిక్ పగులుతుంది. చీర అంచు చేత్తో నలిపి చూసినట్టు, మీటల మధ్య భాగాన్ని నొక్కి చూడండి. లోపలికి కుంగితే బాడీ బలహీనం. తమ్ముడి ల్యాబుకి వచ్చే రిపేర్లలో హింజ్, ఛార్జింగ్ పోర్టువే ఎక్కువట.

నచ్చినదాని పూర్తి మోడల్ నంబరు, చివరి అక్షరాలతో సహా, కాగితం మీద రాయించుకోండి. ఒకే పేరుతో పది రకాలుంటాయి. ఒకదానిలో తెర మంచిది, ఇంకొకదానిలో బ్యాటరీ చిన్నది. ఆన్‌లైన్‌లో అదే పూర్తి నంబరుతో వెతికితేనే ధరలు పోల్చగలం. మాకు ఒక చోట ఒక రేటు చెప్పి, బిల్లు దగ్గరకొచ్చేసరికి "ఆ పీసు అయిపోయింది, ఇదీ అలాంటిదే" అని ఇంకోటి చేతిలో పెట్టబోయారు. నంబరు చివర రెండు అక్షరాలు మారాయి. చూస్తే ర్యామ్ స్లాట్ లేనిది. మర్యాదగా వద్దని చెప్పి వచ్చేశాం.

ఆన్‌లైన్‌లో కొనడం తప్పేమీ కాదు. జులై సేల్స్‌లో, దసరా ముందు సేల్స్‌లో ధర నిజంగానే తగ్గుతుంది. అమ్మేవాళ్ళు ఎవరన్నది చూసుకోండి. డెలివరీ మనిషి ముందే పెట్టె విప్పే ఏర్పాటుంటే అది ఎంచుకోండి, సీలు తీయడం దగ్గర్నుంచి ఆన్ అయ్యేదాకా ఆపకుండా వీడియో తీయండి. మేము మాత్రం షాపులోనే కొన్నాం. రెండు వేలు ఎక్కువైనా, తేడా వస్తే వెళ్ళి అడగడానికి ఒక మనిషి ఉంటాడని.

మ్యాక్‌బుక్ ఎయిర్ అడిగే పిల్లలుంటారు. కంప్యూటర్ సైన్స్, డిజైన్, జర్నలిజం చదివేవాళ్ళకు అది మంచి యంత్రమే. బ్యాటరీ రోజంతా వస్తుంది, ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడు ఉండదు. విద్యార్థులకు ఆపిల్ తక్కువ ధర ఇస్తుంది, అడగాలి. ర్యామ్, స్టోరేజి జీవితంలో పెంచలేం అన్నది గుర్తుంచుకుని కొనండి.

డబ్బు బాగా తక్కువైతే ఆఫీసుల్లో వాడి మార్చేసిన లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్ లాంటి పాత లాప్‌టాప్‌లు చూడొచ్చు. కొత్త చవక లాప్‌టాప్ కన్నా వాటి కీబోర్డు, బాడీ గట్టివి. ఒక్క షరతు, ఇంటెల్ ఎనిమిదో తరం గానీ ఆ పైది గానీ అయి ఉండాలి. అంతకన్నా పాతవాటి మీద విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అనుమతించదు, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. బ్యాటరీ మార్పించడానికయ్యే డబ్బు ముందే కలుపుకోండి.

ఆరో అడుగు: బిల్లు కట్టే రోజు

షాపులోనే పెట్టె విప్పించండి. సీలు మీ ముందే తీయాలి. లాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు, పెట్టె మీదది, బిల్లు మీదది మూడూ ఒకటే అయి ఉండాలి. అక్కడే ఫోన్లో కంపెనీ వెబ్‌సైటు తెరిచి ఆ నంబరు కొట్టి వారంటీ ఎప్పట్నుంచి మొదలైందో చూడండి. కొన్నిసార్లు అది ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన తేదీ నుంచి లెక్కపడి ఉంటుంది. బిల్లు పంపితే సరిచేస్తారు, ఆ పని మొదటి వారంలోనే చేయించుకోవాలి.

ఆన్ చేసి టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ ఎంత, ప్రాసెసర్ పేరేమిటి చూడండి. తెర నిండా తెల్లని బొమ్మ పెట్టి నల్లచుక్కలున్నాయేమో వెతకండి. కెమెరా, మైకు, స్పీకర్లు, ప్రతి పోర్టూ ఒక్కసారి. పావుగంట పని.

బిల్లు జీఎస్టీతో ఉన్న పక్కా బిల్లు కావాలి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అంటే ఒప్పుకోకండి, రేపు వారంటీకి ఆ కాగితమే ఆధారం. బిల్లు మీద పిల్లల పేరు వేయించండి. ఎంఎస్ ఆఫీస్ ఉందంటే అది శాశ్వతంగా వచ్చే రకమా, కొన్నాళ్ళకు డబ్బు కట్టాల్సిన 365 రకమా అడగండి. విండోస్ లేకుండా తక్కువ ధరకు వచ్చే మోడళ్ళూ ఉంటాయి. ఎవరో ఉచితంగా వేసిస్తామంటారు, అది దొంగ కాపీ. వద్దు.

షాపువాళ్ళు అంటగట్టే సొంత వారంటీ కన్నా కంపెనీయే ఇచ్చే అదనపు వారంటీ, ప్రమాద రక్షణ తీసుకోండి. మామూలు వారంటీలో కింద పడినా, నీళ్ళు పడినా రాదు. హాస్టల్ గదుల్లో టీ గ్లాసు, లాప్‌టాప్ ఒకే బల్ల మీద ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు మా చుట్టాలింట్లో అమ్మాయి లాప్‌టాప్ మునిగిపోయింది. దానికన్నా, అందులో ఉన్న ప్రాజెక్టు పోయిందని ఎక్కువ ఏడ్చింది. సర్వీస్ సెంటర్ ఇక్కడే ఉందా, లేక హైదరాబాద్ పంపాలా అన్నది కూడా కొనేముందే కనుక్కోండి. షాపువాళ్ళు, కంపెనీవాళ్ళు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

ఏడో అడుగు: ఇంట్లో మొదటి వారం

పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాక పిల్లలతో ఈ పనులు చేయించండి. విండోస్ ఖాతా పిల్లల సొంత మెయిల్‌తో తెరవాలి, షాపువాళ్ళ మెయిల్‌తో కాదు. కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌ల్లో డిస్కుకు తాళం దానంతటదే పడిపోతుంది, దాన్ని తెరిచే రికవరీ తాళంచెవి ఆ ఖాతాలో దాగి ఉంటుంది. ఆ ఖాతా పోతే లోపలున్నదంతా పోయినట్టే. ఆ అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. తమ్ముడు ఈ ఒక్క విషయం మూడుసార్లు చెప్పాడు.

కాలేజీ మెయిల్ వచ్చాక ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి. ఆటోడెస్క్ తన ఆటోక్యాడ్, రెవిట్‌లను విద్యార్థులకు ఉచితంగా ఇస్తుంది. కోడ్ రాసేవాళ్ళకు పనికొచ్చే గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్, జెట్‌బ్రెయిన్స్ సాఫ్ట్‌వేర్లు కూడా అంతే. దొంగ సాఫ్ట్‌వేర్ వేసుకుని వైరస్ తెచ్చుకోవాల్సిన పనిలేదు. వారానికోసారి ముఖ్యమైన ఫైళ్ళు హార్డ్‌డిస్కులోకి, డ్రైవ్‌లోకి ఎక్కించే అలవాటు ఇప్పుడే పడాలి.

మన ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. లాప్‌టాప్‌ని పరుపు మీద పెడితే గాలి పోయే రంధ్రాలు మూసుకుపోతాయి. చెక్క పలక గానీ చదువుకునే బల్ల గానీ ఉండాలి. ఎండలో ఆపిన కారులో వదలొద్దు. కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజి ఎగురుతుంది కాబట్టి స్పైక్ గార్డు తప్పనిసరి. ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంచి వాడేవాళ్ళు కంపెనీ యాప్‌లో 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువేళ్ళు వస్తుంది.

వంటింటి క్యాలెండర్లో, కొన్న తేదీకి పదకొండు నెలల తర్వాత వచ్చే ఆదివారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ఆ రోజు అబ్బాయి హాస్టల్ నుంచి రాగానే హింజ్, పోర్టులు, మీటలు, బ్యాటరీ అన్నీ మళ్ళీ ఒకసారి చూస్తాం. ఏది తేడాగా ఉన్నా వారంటీ ఉన్న ఆ నెలలోనే ఫిర్యాదు నంబరు తీసుకోవాలి.